పలికింది ఎవరు?

పోయిన నెల ఓ రాత్రి పదకొండింటికి భీమవరం వైపు నుంచి ఫోన్. రొయ్యల మేత తయారుచేసే ఫ్యాక్టరీ. "సార్, పీఎల్‌సీ పోయిందండి. ల్యాప్‌టాప్‌కి కనబడట్లేదు. కొత్తది ఆర్డర్ పెట్టేయమంటున్నారు ఓనరుగారు" అన్నాడు అక్కడి ఎలక్ట్రీషియన్ కుర్రాడు. వెనక పెల్లెట్ మిల్లు రొద. గొంతు చించుకుని మాట్లాడుతున్నాడు.

"మిల్లు తిరుగుతోందా?"

"తిరుగుతోందండి."

"బ్యాచ్ పడుతోందా?"

"పడుతోందండి. స్క్రీన్ మీదే ఏవీ రావట్లేదండి. అన్నీ హ్యాష్ గుర్తులే."

"మరి పోయిందంటావేంటి తమ్ముడూ! పోయినవాడు పని చేస్తాడా?"

అవతల కాసేపు మాట లేదు. "అది నిజమేనండి... కానీ కనబడట్లేదు కదండీ" అన్నాడు మళ్లీ.

ఈ కాలమ్ చదివేవాళ్లందరూ మా ఫీల్డువాళ్లు కారు కాబట్టి ఒక్క ముక్క. పీఎల్‌సీ అంటే ఫ్యాక్టరీ కరెంటు ప్యానెల్‌లో, పట్టాల మీద బిగించి ఉండే చిన్న డబ్బా. తూకం ఎంత వచ్చింది, గేటు మూసుకుందా, ఆవిరి వేడి ఎంత అని ఒకవైపు నుంచి కబుర్లు తీసుకుంటుంది. ఏ మోటారు తిరగాలో, ఏ వాల్వు తెరవాలో రెండోవైపు నుంచి చెబుతుంది. స్క్రీనూ కంప్యూటరూ దానికి కిటికీల్లాంటివి. కిటికీ మూసుకుపోయినంత మాత్రాన ఇంట్లోవాళ్లు వంట మానేయరు. అందుకే మిల్లు తిరుగుతూనే ఉంది. ప్యానెల్ మీద బటన్లు నొక్కితే చివరిసారి ఎక్కించిన రెసిపీతోనే బ్యాచ్ పడుతోంది. ఇంకో సైజు మేతకి మారాలంటే మాత్రం స్క్రీన్ కావాలి. వాళ్ల తొందర దానికోసం.

ఇరవై రెండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. "పీఎల్‌సీ పోయింది" అన్న మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. నిజంగా పోయినవి మాత్రం చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. రెండు పిడుగుకి పోయాయి. ఒకటి రేకుల షెడ్డులోంచి కారిన వాన నీళ్లకి. ఇంకొకటి, 24 ఓల్టుల చోట 230 తగిలించిన ఒక మహానుభావుడి చేతుల్లో. మిగతా అన్నిసార్లూ అది తన చోట తను పని చేసుకుంటూనే ఉంది. దారి తప్పింది మేమే.

కొత్తది కొంటే మాత్రం ఏమవుతుంది? ఖాళీ డబ్బా వస్తుంది. ప్రోగ్రాము పాతదాంట్లో ఉంది. రాసినాయన ఎక్కడున్నాడో వాళ్లకి తెలియదు, బ్యాకప్ లేదు. పాతదాన్ని పీకి పక్కన పడేస్తే ఫ్యాక్టరీ నిజంగానే ఆగుతుంది. "నేనొచ్చేదాకా ఏదీ పీకొద్దు, ఏదీ రీసెట్ చెయ్యొద్దు, ముఖ్యంగా డౌన్‌లోడ్ అన్న బటన్ జోలికి వెళ్లొద్దు" అని చెప్పి మర్నాడు రాత్రి నర్సాపురం రైలెక్కాను. డౌన్‌లోడ్ సంగతి ఎందుకు చెప్పానంటే, మా భాషలో అది అందరి భాషకీ తిరగేసి ఉంటుంది. ల్యాప్‌టాప్‌లోంచి పీఎల్‌సీలోకి ఎక్కించడం డౌన్‌లోడ్. పీఎల్‌సీలోంచి ల్యాప్‌టాప్‌లోకి తెచ్చుకోవడం అప్‌లోడ్. సినిమా డౌన్‌లోడ్ చేసుకున్నట్టు ప్రోగ్రాము కూడా కిందకి దిగుతుందనుకుని, నడుస్తున్న ప్లాంటు మీద ఖాళీ ప్రాజెక్టు ఎక్కించబోయిన కుర్రాణ్ని ఓసారి చెయ్యి పట్టుకుని ఆపాను.

పొద్దున్నే ఫ్యాక్టరీకి చేరేసరికి చేపల పొడి వాసన గేటు దగ్గరే ఎదురొచ్చింది. ఆ వాసన రెండు ఉతుకులకి గాని చొక్కా వదలదు. ఓనరుగారు కాఫీ తాగితే గాని ప్యానెల్ దగ్గరికి వెళ్లనివ్వలేదు. "చూడండి బాబూ, ఖర్చుకి వెనకాడకండి, కొత్తది వేసేద్దాం" అంటూనే ఉన్నారు. ఖర్చుకి వెనకాడని ఓనర్లు మాకు తక్కువగా దొరుకుతారు. అయినా ఆయన మాట వినలేదు.

ప్యానెల్ తలుపు తెరిచి ముందు చేతులు కట్టుకుని నిలబడతాను. ఇది నాకు బాలానగర్‌లో పని నేర్పిన పెద్దాయన దగ్గర అబ్బిన అలవాటు. "చేతులు కట్టుకుంటే కళ్లు పనిచేస్తాయిరా" అనేవాడు. దీపాలు చూడాలి. సీమెన్స్ ఎస్7-1200, రన్ దీపం పచ్చగా ఉంది. ఎర్రది వెలగట్లేదు. నెట్‌వర్క్ సాకెట్ దగ్గర లింక్ దీపం కూడా పచ్చగానే ఉంది. అంటే తీగ అవతలి చివర ఎవరో ఉన్నారు. ఎవరున్నారన్నది దీపం చెప్పదు.

తర్వాత తీగ. మా కేసుల్లో సగం ఇక్కడే తేలిపోతాయి. ఆర్‌జె-45 ప్లగ్గుకి ఉండే ప్లాస్టిక్ నాలుక ఫ్యాక్టరీల్లో ఆరు నెలలు కూడా బతకదు. అది విరిగాక ప్లగ్గు సాకెట్‌లో కూర్చున్నట్టే కనిపిస్తుంది, పక్కన మోటారు స్టార్టయినప్పటి అదురుకి అర మిల్లీమీటరు జారుతుంది. ఎనిమిది తీగల్లో 100 ఎంబీపీఎస్‌కి పనికొచ్చేవి నాలుగే: ఒకటి, రెండు, మూడు, ఆరు. ఆ నాలుగింట్లో ఒక్కటి వదులైతే చాలు. వంద మీటర్లు దాటించి లాగినవాళ్లనీ, మోటార్ల స్పీడు మార్చే డ్రైవుల పవర్ కేబుళ్లతో కలిపి ఒకే ట్రేలో పడుకోబెట్టినవాళ్లనీ చూశాను. టెస్టర్ పెడితే ఎనిమిది దీపాలూ వరసగా వెలుగుతాయి, డ్రైవు స్పీడు పెంచితే మాత్రం కనెక్షన్ తెగుతుంది. టెస్టర్‌కి తీగ కలిసిందా లేదా అన్నదే తెలుసు, గోల తెలియదు. ఇక్కడ కూడా నాలుక విరిగి ఉంది, టై కట్టి ఉంచారు. కదిపి చూశాను. గట్టిగానే ఉంది.

"ఈమధ్య ఏమైనా మార్చారా?"

"ఏం మార్చలేదండి."

ల్యాప్‌టాప్ తీసి ప్యానెల్‌లోని ఐదు పోర్టుల స్విచ్‌కి తగిలించాను. ఇక నేను చేసిన వెధవ పని చెప్పాలి.

ల్యాప్‌టాప్‌కి పీఎల్‌సీ కనబడాలంటే రెండూ ఒకే వీధిలో ఉండాలి. 192.168.0.1 అన్న అడ్రసులో, మాస్కు 255.255.255.0 అయితే, మొదటి మూడు అంకెలు వీధి, నాలుగోది డోర్ నంబరు. వీధి వేరైతే పక్కపక్కనే కూర్చున్నా ఒకరికొకరు పలకరు. పీఎల్‌సీ అడ్రసు కూడా కంపెనీకొక తీరు. మిత్సుబిషి ఎఫ్ఎక్స్5యు పెట్టెలోంచి తీయగానే 192.168.3.250 మీద ఉంటుంది. డెల్టా వాళ్లది 192.168.1.5. ష్నైడర్ ఎం221 అయితే పుట్టుకతో వచ్చిన తన మ్యాక్ అడ్రసు చివరి రెండు ముక్కల్లోంచి 10.10తో మొదలయ్యే నంబరు తనే లెక్కకట్టుకుంటుంది. ఎస్7-1200 పెట్టెలోంచి వచ్చేటప్పుడు అడ్రసు లేకుండా వస్తుంది. ప్రాజెక్టు మొదలుపెట్టగానే సాఫ్ట్‌వేరు 192.168.0.1 అని తనంతట తను రాసేస్తుంది. నూటికి తొంభై మంది దాన్ని అలాగే వదిలేస్తారు. ఇక్కడా అలాగే వదిలేశారు.

నా ల్యాప్‌టాప్ ఆటోమేటిక్‌లో ఉంది. దానికి ఏ అడ్రసు వచ్చిందో చూడ్డానికి ఐపీకాన్ఫిగ్ కొట్టాను. 192.168.0.107. బాగుంది, ఒకే వీధి. ఆ అడ్రసులో ఎవరైనా ఉన్నారా అని పిలిచి చూసే పింగ్ ఒకటి 192.168.0.1కి కొట్టాను. నాలుగు జవాబులు, టకటకా. కుర్రాడి మొహం వెలిగింది. సాఫ్ట్‌వేరులో వెతికితే మాత్రం జాబితా ఖాళీ. మళ్లీ వెతికాను, మళ్లీ ఖాళీ.

పింగ్ పలుకుతోంది, సాఫ్ట్‌వేరుకి దొరకట్లేదు. అనుభవం ఉన్నవాడు ఇక్కడ ఏం చేస్తాడు? తనకున్న అనుభవమంతా బయటికి తీస్తాడు. నేనూ అదే చేశాను. విండోస్ ఫైర్‌వాల్ ఆపాను. సీమెన్స్ మాట్లాడే 102వ పోర్టు ఎవరైనా మూశారేమో చూశాను. యాంటీవైరస్ ఆపాను. పీఎల్‌సీ ఫర్మ్‌వేర్ కొత్తదీ నా సాఫ్ట్‌వేరు పాతదీ అయి ఉంటుందేమోనని అనుమానపడ్డాను. గంటా పది నిమిషాలు. ఓనరుగారు రెండోసారి కాఫీ పంపించారు.

విసుగెత్తి, ఆపరేటర్‌ని అడిగి, నడుస్తున్న బ్యాచ్ అయ్యేదాకా ఆగి, పీఎల్‌సీకి తగిలించి ఉన్న నెట్‌వర్క్ తీగ పీకేశాను. లింక్ దీపం ఆరింది. పింగ్ కొట్టాను.

పలికింది.

తీగ నా చేతిలో ఉంది. పీఎల్‌సీకి ఏ తీగా లేదు. 192.168.0.1 హాయిగా జవాబులిస్తోంది. కుర్రాడు నా మొహంలోకి చూశాడు. "అదేంటండి బాబూ!" అన్నాడు. నాక్కూడా అదే అనాలనిపించింది.

మొదట గుర్తొచ్చింది వైఫై. రాగానే వాట్సాప్ ఫొటోల కోసమని సెక్యూరిటీ గదిలో వైఫై పాస్‌వర్డ్ అడిగి పెట్టుకున్నాను. పింగ్ ఆ దారిన పోతోంది కాబోలు. సాఫ్ట్‌వేరులో ఏ అడాప్టర్ గుండా వెతకాలో చెప్పే చిన్న పెట్టె ఒకటి ఉంటుంది. అందులో చూస్తే, నిజమే, పోయినసారి ఇంట్లో వాడినప్పుడు పెట్టిన వైఫై అడాప్టరే ఉంది. అంటే గంటసేపూ నేను ప్యానెల్‌లో కాకుండా గాల్లో వెతికాను. ఈ తప్పు చెయ్యకండని పాతికమంది కుర్రాళ్లకి చెప్పి ఉంటాను. వైఫై ఆపేశాను. ఇప్పుడు మిగిలింది స్విచ్‌కి తగిలించిన తీగ ఒక్కటే. పింగ్ కొట్టాను.

మళ్లీ పలికింది!

అప్పుడు అడగాల్సిన ప్రశ్న అడిగాను. ఏఆర్‌పీ -ఎ అని కొడితే ఏ ఐపీ అడ్రసుకి ఏ మ్యాక్ అడ్రసు జవాబిచ్చిందో కంప్యూటర్ చూపిస్తుంది. ఐపీ అడ్రసు అద్దె ఇల్లు లాంటిది, ఎవరైనా చేరొచ్చు. మ్యాక్ అడ్రసు పుట్టుమచ్చ. పీఎల్‌సీ ఒంటి మీదే ముద్రించి ఉంటుంది. టార్చి వేసి, మెడ వంచి, దుమ్ము తుడిచి చదివాను. స్క్రీన్ మీదున్నదానికీ దీనికీ మొదటి ఆరు అక్షరాల్లోనే పొంతన లేదు. ఆ ఆరూ తయారుచేసిన కంపెనీవి. అంటే పలికినవాడు ఈ ఇంటివాడే కాదు.

స్విచ్ వైపు చూశాను. ఐదు పోర్టుల్లో ఒకటి పీఎల్‌సీది, ఒకటి ఆఫీసు గదిలో స్కాడా కంప్యూటర్‌ది (హ్యాష్ గుర్తులు చూపిస్తున్న స్క్రీన్ అదే), ఒకటి నాది. నాలుగోదాంట్లో బూడిదరంగు తీగ. మిగతావన్నీ దుమ్ముపట్టి ఉన్నాయి, ఇది మాత్రం కొత్త పెళ్లికూతురులా మెరుస్తోంది. ప్యానెల్ అడుగున తీగని పట్టి ఉంచే గ్లాండ్ కూడా లేకుండా కన్నంలోంచి దూరి వచ్చింది. దాన్ని పట్టుకుని నేనూ కుర్రాడూ నడిచాం. బస్తాలు కుట్టే మిషన్ పక్కనుంచి, గోడౌన్ గోడ వెంట, వేపచెట్టు కొమ్మ మీదుగా, సెక్యూరిటీ గది కిటికీలోకి.

"బాబాయ్, ఈ తీగ ఎప్పుడేశారు?"

"మంగళవారం సీసీ కెమెరాలోళ్లు వచ్చారు కదండీ. అప్పుడండి."

స్క్రీన్ మీద హ్యాష్ గుర్తులు మొదలైంది కూడా మంగళవారం సాయంత్రమే.

జరిగింది ఇదీ. ఫ్యాక్టరీ చుట్టూ కెమెరాలు పెట్టించి, వాటిని ఫోన్‌లో చూసుకోవడానికి సెక్యూరిటీ గదిలో రౌటర్ పెట్టారు. రౌటర్లకి పుట్టుకతో వచ్చే అడ్రసుల్లో బాగా చలామణిలో ఉన్నది 192.168.0.1. కెమెరాలు ఆఫీసు కంప్యూటర్‌లో కూడా కనబడితే బాగుంటుందని ఎవరో ముచ్చటపడ్డారు. కెమెరాలవాళ్లు ఆ కంప్యూటర్ తీగ వెంట వెళ్తే ప్యానెల్‌లో స్విచ్ దొరికింది, ఖాళీ పోర్టు దొరికింది. కలిపేసి, కెమెరాలు కనబడుతున్నాయని చూపించి, డబ్బు తీసుకుని వెళ్లిపోయారు. వాళ్ల పని వాళ్లు సరిగ్గానే చేశారు. ఒకే వీధిలో ఒకే డోర్ నంబరుతో రెండు ఇళ్లు తయారయ్యాయి. స్కాడా కంప్యూటర్ "192.168.0.1 ఎవరు?" అని కేకేసినప్పుడల్లా రౌటర్ "నేనే" అంది. తూకం ఎంత అని అడిగితే దానికేం తెలుసు పాపం. అందుకే హ్యాష్ గుర్తులు.

ఆ ముచ్చటపడ్డది ఓనరుగారేనని నేను ఎవరినీ అడగక్కర్లేకపోయింది. తీగ సంగతి చెప్పగానే ఆయన కాఫీ కప్పులోకి చూస్తూ కూర్చున్నారు.

నా తెలివితక్కువతనం ఇంకొకటి ఉంది. ఐపీకాన్ఫిగ్‌లో 192.168.0.107 కనబడినప్పుడే నాకు గంట మోగాల్సింది. ఆటోమేటిక్‌లో ఉన్న ల్యాప్‌టాప్‌కి అడ్రసు ఎవరో ఒకరు పంచిపెట్టాలి. మామూలు ప్యానెల్‌లో అలా పంచేవాడు ఎవడూ ఉండడు. ఇచ్చేవాడు లేకపోతే విండోస్ తనే 169.254తో మొదలయ్యే ఊరూపేరూ లేని అడ్రసు ఒకటి పెట్టుకుంటుంది. నాకు రావాల్సింది అది. అది రాకపోతే అనుమానపడాల్సింది పోయి సంబరపడ్డాను.

పింగ్ రాసినాయన పేరు మైక్ మూస్, 1983 డిసెంబరులో రాశాడు. జలాంతర్గాముల సోనార్ శబ్దాన్ని తలచుకుని ఆ పేరు పెట్టాడు. నీళ్లలోకి చప్పుడు పంపితే ప్రతిధ్వని వస్తుంది. అక్కడ ఏదో ఉందని తెలుస్తుంది. అది శత్రువు పడవా తిమింగలమా అన్నది ప్రతిధ్వని చెప్పదు. ఇన్నేళ్లుగా పింగ్ కొడుతున్నాను, ఆ పేరులో ఉన్న హెచ్చరిక భీమవరం దగ్గర తీగ చేతిలో పట్టుకుని నిలబడినప్పుడు గాని తలకెక్కలేదు.

ఈ పీఎల్‌సీ డబ్బాల పుట్టుక తలచుకుంటే వీటిది అమాయకత్వమే అనిపిస్తుంది. 1968లో అమెరికాలో డిక్ మోర్లీ బృందం మొదలుపెట్టిన మోడికాన్ 084 ఈ జాతికి తొలి తరం. వాళ్ల కంపెనీలో అది 84వ ప్రాజెక్టు, అందుకే ఆ పేరు. గోడ నిండా ఉండే రిలేల బదులు వాడుకోవడానికి చేశారు. 1979లో అదే మోడికాన్ వాళ్లు యంత్రాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే మోడ్‌బస్ పద్ధతి తెచ్చారు. ఒకడు అడుగుతాడు, ఒకడు చెబుతాడు. అడిగేవాడు ఎవడన్న ప్రశ్న అందులో లేదు. ఒక గదిలో ఒక తీగ మీద ఉన్న నాలుగు యంత్రాలకి ఆ ప్రశ్నతో పనేముంది? ఇంట్లోవాళ్లు తలుపు కొడితే ఆధార్ అడుగుతామా? తర్వాత ఆ తీగనే తీసుకెళ్లి ఊరందరి తీగలతో కలిపాం.

నేను పనిలో చేరినప్పుడు ఇంత తంటా లేదు, వేరే తంటా ఉండేది. తొమ్మిది పిన్నుల సీరియల్ కేబుల్, ఒక చివర ల్యాప్‌టాప్, రెండో చివర పీఎల్‌సీ. మధ్యలో ఎవడూ దూరడు. ల్యాప్‌టాప్‌లకి సీరియల్ పోర్టు పోయాక యూఎస్‌బీ కన్వర్టర్లు వచ్చాయి. ఒక్కో సాకెట్‌లో పెట్టినప్పుడల్లా విండోస్ కొత్త కామ్ నంబరు ఇచ్చేది. పాత సాఫ్ట్‌వేరు మొదటి నాలుగు నంబర్లే వెతికేది. కామ్ 17లో పీఎల్‌సీ ఎదురుచూస్తూ ఉండేది. అప్పుడూ "పీఎల్‌సీ పోయింది" అనేవాళ్లం.

అమీర్‌పేటలో పీఎల్‌సీ కోర్సు చేసి వచ్చిన పిల్లలు ల్యాడర్, అంటే పీఎల్‌సీ ప్రోగ్రాములు రాసే భాష, బాగా రాస్తారు. లిఫ్టు ప్రోగ్రాము, ట్రాఫిక్ సిగ్నల్ ప్రోగ్రాము నోటికొచ్చు. ఒక్క తీగ క్రింప్ చెయ్యమంటే నారింజ తెలుపా ఆకుపచ్చ తెలుపా అని ఫోన్‌లో చూస్తారు. వాళ్ల తప్పు కాదు, అక్కడ తీగ ఎప్పుడూ తెగదు. నాకు మాత్రం ల్యాడర్ కంటే ముందు నేర్పాల్సింది ప్రశ్న అడగడం అనిపిస్తుంది. "ఏమైనా మార్చారా?" అని నేనడిగింది పనికిమాలిన ప్రశ్న. ఆ మాట అడిగితే వినేవాడికి "నువ్వే చెడగొట్టావా?" అన్నట్టు వినబడుతుంది. లేదంటాడు. అబద్ధం కూడా కాదు, ఆ కుర్రాడు నిజంగానే ఏమీ మార్చలేదు. "ఈ వారంలో ఫ్యాక్టరీకి ఎవరెవరు వచ్చారు?" అని అడిగి ఉంటే, ఏసీ మెకానిక్, తూనికలవాళ్లు, కెమెరాలవాళ్లు అని వాచ్‌మన్ రిజిస్టరు తెచ్చి చూపించేవాడు. గంటా పది నిమిషాలు మిగిలేవి. రిజిస్టరు ల్యాప్‌టాప్ కంటే గేటుకి దగ్గర.

బూడిదరంగు తీగ లాగేశాను. పీఎల్‌సీ తీగ మళ్లీ పెట్టి, సరైన అడాప్టర్ ఎంచుకుని వెతికితే జాబితాలో మొదటి పేరే దానిది. దీపాలు మెరిపించమని సాఫ్ట్‌వేరులో నొక్కితే ప్యానెల్‌లో అదే డబ్బా మీద దీపాలు మిణుకుమన్నాయి. కళ్లతో చూశాకే నమ్మాను. స్కాడా కంప్యూటర్‌ని ఒకసారి ఆపి వేస్తే హ్యాష్ గుర్తులు పోయి అంకెలు వచ్చాయి. ప్రోగ్రామును అప్‌లోడ్ చేసుకుని ఓనరుగారికి ఒక పెన్‌డ్రైవ్, ఆఫీసు బీరువాకి ఒక పెన్‌డ్రైవ్ ఇచ్చాను. కెమెరాలు చూసుకోవడానికి వేరే కంప్యూటర్ కొనుక్కోమన్నాను. కొత్త పీఎల్‌సీ ఆర్డర్ ఆపేశారు కాబట్టి ఆయనకి అదేం కష్టంగా అనిపించలేదు. స్విచ్‌లో ఖాళీ పోర్టులకి ఇన్సులేషన్ టేపు అంటించి, ప్యానెల్ తలుపు లోపలివైపు ఒక కాగితం అతికించి వచ్చాను. పీఎల్‌సీ ఐపీ, మ్యాక్, స్కాడా కంప్యూటర్ ఐపీ, ప్రోగ్రాము బ్యాకప్ ఎక్కడుంది, తేదీ. ఐదు వరసలు.

మీరు పనిచేసేచోట ప్యానెల్ ఉంటే సోమవారం వెళ్లగానే తలుపు తెరిచి అలాంటి కాగితం ఉందేమో చూడండి. లేకపోతే రాసి అంటించండి. లేబుల్ ప్రింటర్ కాగితం వద్దు, ప్యానెల్ వేడికి రెండేళ్లలో నల్లబడిపోతుంది. బాల్‌పెన్నుతో రాయండి.